రెండుసార్లు బయల్దేరిన జీపు

కోడలి మొగుణ్ణి ఏమని పిలవాలో ఆ షెడ్ల వీధిలో ఎవరికీ తెలియలేదు. కోడలి మొగుడంటే కొడుకే అవ్వాలి. ఆ కొడుకు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకుంది. చేసుకోమని పోరి పోరి ఒప్పించిందీ అత్తగారే, సాక్షి సంతకం పెట్టిందీ అత్తగారే. పెళ్ళయ్యాక గాని ఈ చిక్కు ఎవరికీ తట్టలేదు.

"వరసలు కట్టినవాళ్ళు ఈ వరస మర్చిపోయారత్తా," అంది పక్క షెడ్డు మెకానిక్ భార్య, టీ గ్లాసు అందిస్తూ. "పోనీ, బాబూ అని పిలువు. బాబూ అంటే ఎవరికైనా అతుకుతుంది."

"అల్లుడంటాను," అంది అత్తగారు. "కోడల్ని కూతుర్ని చేసుకుంటే సరి, అల్లుడు వెనకాలే వస్తాడు."

"అమ్మో! అల్లుడంటే మర్యాదలు చెయ్యాలి మరి. తట్టుకోగలవా?"

"జీపుకి కొత్త టాపు కుట్టి పంపుతున్నాగా. ఇంకేం మర్యాద కావాలంటాడు?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె సూది దించాల్సిన చోట దించక బొటనవేలికి గుచ్చుకుంది.

వీధిలో ఆమెను టాపులమ్మ అంటారు. జీపులకు, వ్యానులకు కాన్వాసు టాపులు, రెక్సిన్ సీట్లు కుట్టడం ఆమె పని. పెళ్ళాడి వచ్చినప్పటినుంచీ అదే కొట్టు, అదే మిషను. కొట్టు వెనక రెండు గదుల్లో కాపురం. గోడ పక్కన మెకానిక్ షెడ్డు. ఆ మెకానిక్‌ను అందరూ బోల్టు అంటారు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. టాపులమ్మ కొడుకూ అతనూ ఒక్క బెంచీ మీద చదువుకుని, ఒక్కసారే చదువు మానేసి, ఒక్క బండి కిందే పడుకుని పని నేర్చుకున్నారు. నట్టూ బోల్టూ అని వీధిలో పేరు పడింది. తుక్కు దుకాణం నుంచి ఒక పాత డీజిల్ జీపు తెచ్చి, ఏడాదిపాటు దాని పేగులు తీసి పెట్టి, చివరికి నాలుగు చక్రాలూ ఒకేసారి తిరిగేలా చేశారు. బురదలో దిగినా, ఏట్లో దిగినా బయటికొచ్చేది. నట్టు పోయాక ఆ జీపు కోడలిదయింది.

కోడలు నర్సు. కొండ అవతల ఆరోగ్య కేంద్రానికి బదిలీ అడిగి తెచ్చుకుంది. కొత్త భర్త అక్కడి బడిలో మాస్టారు, పెళ్ళాం పోయిన మనిషి, నెమ్మదస్తుడు. సామాను లారీలో వేసుకుని అతను ముందే వెళ్ళాడు. ఆరోగ్య కేంద్రం చుట్టూ ఉన్న పల్లెలకు రోడ్డన్నది లేదు, జీపు లేకుండా కోడలి పని జరగదు. కాని ఆ జీపు ఘాట్ రోడ్డు ఎక్కాలిగా! రెండేళ్ళుగా మూడో మలుపు దగ్గరకు వెళ్ళేసరికి దానికి ఆయాసం వస్తోంది. నల్లగా దగ్గి, నిలబడిపోతుంది.

"ఇంజెక్టర్లు అరిగిపోయాయి చెల్లెమ్మా," అన్నాడు బోల్టు. "పాతకాలంవి. ఇంకా మంచి రకం వచ్చాయి. అవి వేస్తే ఇదే బండి పరిగెత్తుకుంటూ ఎక్కుతుంది."

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆ నాలుగు ఇంజెక్టర్లూ విప్పి బల్ల మీద వరసగా పెట్టాడు. ఒక్కొక్కటీ చూపుడు వేలంత లావు, మసి పట్టి ఉంది. ఒకదాన్ని టెస్టరుకు బిగించి లివరు నొక్కాడు. కొసనుంచి డీజిల్ ఒక పక్కకు చిమ్మి, తర్వాత బొట్టు బొట్టుగా కారింది.

"ముక్కు కారే పిల్లాడిలా ఉంది చూశారా? ఇలా కారితే నూనె సరిగ్గా మండదు. మండనిదంతా పొగై వెనక పోతుంది. బండికి తిండి పెట్టినట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం పట్టదు."

తర్వాత అట్టపెట్టె విప్పాడు. కొత్త ఇంజెక్టర్లు, కొసలకు పసుపుపచ్చ టోపీలు. ఒకదాని టోపీ తీసి బిగించి నొక్కాడు. బుస్సుమని సన్నటి మంచు లేచింది, గొడుగు విప్పినట్టు అన్ని వైపులా ఒకేలా.

"నానమ్మా, పొగమంచు!" అని మనవరాలు చెయ్యి చాపబోయింది. పిల్ల పేరు ఏదైనా ఇంట్లో అందరికీ పిడుగే. బోల్టు గభాలున చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"దాని ముందు చెయ్యి పెట్టకూడదే! చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది."

"ఆయాసం వచ్చిన పిల్లలకి మేం మందు ఇలాగే పట్టిస్తాం, పొగలా చేసి," అంది కోడలు. ఆమె మొహం వెలిగిపోతోంది. "అయితే ఎక్కుతుందన్నమాట."

"ఎక్కకేం!"

టాపులమ్మ ఆ మంచు కరిగిపోయేదాకా చూసింది. బాగుందమ్మా, బాగుంది అంది. లేచి కొట్లోకి వచ్చి, అప్పటికే కుట్టడం అయిపోయిన టాపును మళ్ళీ ఒళ్ళో వేసుకుంది.

ఆమెకు సాగనంపడాలు అచ్చిరాలేదు. చిన్నప్పుడు అక్క బస్సెక్కి వెళ్ళింది, మళ్ళీ కనబడలేదు. భర్త ఆసుపత్రి మంచం మీద ఉండి, వెళ్ళి టీ తాగి రావే అన్నాడు. ఆమె తాగి వచ్చేసరికి దుప్పటి మొహం మీదికి కప్పి ఉంది. కొడుకైతే మరీ అన్యాయం. ఒకరోజు పొద్దున్నే పనికి వెళ్తూ గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానమ్మా అన్నాడు. ఆమె పళ్ళ మధ్య దారం ఉంది. తలెత్తకుండానే ఊఁ అంది. మధ్యాహ్నం పనిలోనే గుండె ఆగి పడిపోయాడు. అప్పట్నుంచి ఎవరు గడప దాటుతున్నా, పాలు పోసే మనిషైనా సరే, చేతిలో పని పక్కన పెట్టి మొహం చూసి గాని పంపదు.

ఇప్పుడు వెళ్ళేది కోడలూ పిల్లానూ. పంపాలి. పంపుతానని తనే అంది. వయసులో ఉన్న పిల్ల తన ముసలి మొహం చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటుంది? ఆ మాట మనసా అన్నదే. కాని చేతులు ఆ మాట వినలేదు. టాపు అంచు కుట్టు వంకర పోయిందని విప్పింది. కుట్టింది. కిటికీ ప్లాస్టిక్ ముడత పడిందని మళ్ళీ విప్పింది. పిల్ల బొమ్మ పెట్టుకోవడానికి సీటు వెనక జేబు కావాలని, కుట్టిన సీటు ఊడదీసింది.

గోడ మీద నుంచి తొంగిచూసిన బోల్టు, "నీ కుట్టు వంకర పోవడమేంటమ్మా? లోకం వంకర పోవాలి గాని," అన్నాడు.

"కొండ మీద గాలి ఎక్కువ. ఊడితే ఎవడు కుడతాడక్కడ? తొందరేముంది నాయనా."

తొందరేముంది అన్న మాట ఆ వారంలో ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు. బోల్టు ఆమె మొహం వైపు కాసేపు చూసి గోడ దిగిపోయాడు. మర్నాడు సాయంత్రానికి ఇంజన్ బిగించేశాడు. ఫిల్టరు మార్చాడు. వీధి చివరిదాకా నడిపి చూపించాడు. చదునునేల మీద జీపు బాగానే పరిగెత్తింది.

బయల్దేరే రోజు పొద్దున్న వీధి వీధంతా ఏడ్చింది. కోడలు అత్తగారిని కావలించుకుని వదల్లేదు. "నన్ను మీరు కన్నా ఇంత చేసేవారు కాదు," అంది. "ప్రతి నెలా వస్తాను. పిడుగుని చూడకుండా మీరుండలేరు, మిమ్మల్ని చూడకుండా నేనుండలేను." టాపులమ్మ ఇద్దరి మొహాలూ రెండు చేతులతో తడిమింది. బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, పచ్చడి జాడీలు, ఉడికించిన గుడ్లు, బిస్కెట్లు, నీళ్ళ సీసాలు, పిల్లకు వాంతైతే పనికొస్తాయని పాత తువ్వాళ్ళు, ఇంకేదో మర్చిపోయానంటూ లోపలికీ బయటికీ తిరిగింది.

"అత్తా, ఇక నువ్వు కూడా ఎక్కేసెయ్, అదొక్కటే మిగిలింది," అంది బోల్టు భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

"వెళ్ళొస్తానత్తయ్యా. పైకెక్కాక ఫోన్ చేస్తా."

జీపు వెళ్ళింది. టాపులమ్మ మిషను ముందు కూర్చుని ఫోను పక్కన పెట్టుకుంది. కొండ మీదికి చేరే వేళయింది, దాటిపోయింది. ఫోను మోగలేదు. ఎవరో సీటు కవరు ఇచ్చి వెళ్ళారు. ఏం రంగు కావాలన్నారో ఆమె వినలేదు. అన్నం వండుకోలేదు. మధ్యాహ్నం వాలుతుండగా వీధి మొగలో జీపు చప్పుడైంది.

తలెత్తి చూసింది. అదే జీపు, తను కుట్టిన టాపు. ముందు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నోట్లోంచి నవ్వు కూడా వచ్చింది. భయం ఆ తర్వాత వచ్చింది. అవి ఆ వరసలో వచ్చాయన్న సంగతిని ఆమె తర్వాత మర్చిపోలేకపోయింది.

కోడలు దిగింది.

"మూడో మలుపు దాటాక లాగడం మానేసింది అత్తయ్యా. యాక్సిలేటరు తొక్కుతుంటే వెనక్కి జారుతోంది. వెనక లోయ. హ్యాండ్ బ్రేకు వేసినా ఆగలేదు. పిడుగు దిగి రాయి పెట్టింది టైరు కింద."

"ఇంత రాయి నానమ్మా!" అని పిల్ల చేతులు చాపి చూపించింది. గర్వంగా మొదలుపెట్టింది గాని చేతులు పూర్తిగా చాచకముందే ఏడుపొచ్చేసింది. ఆ చేతులు మసితో నల్లగా ఉన్నాయి.

టాపులమ్మ పిల్లను దగ్గరకు తీసుకుంది. పిల్ల తల మీదుగా జీపు వెనక భాగం కనబడింది. పొద్దున్న లేత ఆకుపచ్చగా ఉన్న కాన్వాసు మీద బారెడు మసి. వెళ్ళి వేలితో రాసి చూసింది. జిడ్డుగా అంటుకుంది. ఇన్నేళ్ళుగా ఆ వీధి బండ్లకు కాన్వాసు ఉతికి, విప్పి, కుట్టిన మనిషి. గొడుగులా విచ్చుకున్న ఆ మంచు ఇలాంటి మసి పెట్టదు. ఇది బొట్లు బొట్లుగా కారిన నూనె పెట్టిన మసి.

కోడలు పిల్లను లోపలికి తీసుకెళ్ళి చేతులు కడుగుతుంటే, ఆమె పక్క షెడ్డులోకి వెళ్ళింది. బోల్టు పని చేస్తున్నట్టు ఒక నట్టును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"కొత్తవి ఎక్కడ పెట్టావురా?"

అతను అటక మీద నుంచి గుడ్డలో చుట్టిన అట్టపెట్టె దించి బల్ల మీద పెట్టాడు. నాలుగింటికీ పసుపుపచ్చ టోపీలు ఉన్నాయి.

"పాతవే కడిగి పెట్టాను," అన్నాడు. "కొండ ఎక్కదు, తిరిగొస్తారు, ఇంకో నెలైనా ఆగుతారనుకున్నా. నీ మొహం చూళ్ళేకపోయానమ్మా. కుట్టినది విప్పడం, విప్పినది కుట్టడం…"

"తిరిగొచ్చారు. రాయి దొరికింది కాబట్టి వచ్చారు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "జారుతుందనుకోలేదు. ఒట్టు. ఆగుతుందనుకున్నా. మామూలుగా ఆగేది."

"మామూలుగా అందులో సామాను ఉండేది కాదురా. నేనే నింపాను, ఇల్లంతా ఊడ్చి."

"ఆ బండి కింద పడుకుంటే పక్కన వాడున్నట్టే ఉంటుందమ్మా," అన్నాడు బోల్టు, నేల వైపు చూస్తూ. "పానా ఇవ్వరా అని చెయ్యి చాపుతా ఒక్కోసారి. నీ కోసమే చేశానంటే అబద్ధం. నాకూ అది వెళ్ళకూడదు."

ఆమెకు తిట్టాలనే ఉంది. నాలుక దాకా వచ్చింది. కాని ఇందాక వీధి మొగలో జీపు కనబడగానే తన నోట్లోంచి వచ్చిన నవ్వు గుర్తొచ్చి తిట్టలేకపోయింది.

గుమ్మంలో అలికిడైంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కోడలు నిలబడి ఉంది. చూపు బల్ల మీదికి వెళ్ళింది. తెలివైన పిల్ల.

"అవి కొత్తవి కదా?" అంది. "మరి బండిలో ఉన్నవేంటి?"

"తప్పు నాదే చెల్లెమ్మా," అని బోల్టు లేచి నిలబడ్డాడు. "అమ్మకేం తెలీదు."

కోడలు అతని వైపు చూడలేదు. అత్తగారి వైపు చూసింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఇప్పుడే తెలిసిందమ్మా. మసి చూసి."

"సరే," అంది కోడలు.

మందు వేసుకున్నానని అబద్ధమాడే రోగులతో ఆమె సరే అనడం టాపులమ్మ చాలాసార్లు విన్నది. అది ఆ సరే. ఒట్టు పెట్టుకుందామా అనుకుంది. పిల్ల మీద ఒట్టు పెట్టడానికి భయం వేసింది. ఇంకా ఎవరు మిగిలారని ఒట్టు పెట్టుకోవడానికి?

ఆ పూట ఇంట్లో పిడుగు ఒక్కతే, రాయి ఎంతుందో మళ్ళీ మళ్ళీ చెప్పింది.

మర్నాడు తెల్లారగానే టాపులమ్మ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుంది. "నా కళ్ళ ముందు బిగించు," అంది. బోల్టు ఒక్కొక్క పైపూ విప్పాడు. పాత రాగి వాషర్లు గీకి తీసి కొత్తవి వేశాడు. ఆమె లైటు పట్టుకుంది. ఒక్కొక్క ఇంజెక్టరు గుంటలోకి దిగుతుంటే, లోపలికి దిగేది అదే, మారలేదు కదా అని వంగి చూసింది. ఆమె చేత్తో ఆమే పంపుతున్నట్టుంది. నాలుగోది బిగించేటప్పుడు బోల్టు చెయ్యి ఆగింది.

"కానీ," అంది. "ఆగావేం?"

పైపుల్లో గాలి పోయేదాకా ఇంజన్ తిప్పారు. నట్టు సందునుంచి బుడగలు వచ్చి, తర్వాత డీజిల్ తిన్నగా వచ్చింది. బోల్టు ఆ నట్టు బిగించాడు. జీపు ఒక్కసారికే అందుకుంది. పొగ గొట్టం వెనక ఆమె తెల్లగుడ్డ పట్టి చూసింది. గుడ్డ తెల్లగానే ఉంది.

"నువ్వు నా పక్కన కూర్చో అన్నయ్యా," అంది కోడలు బోల్టుతో. ఆ గొంతులో కోపం లేదు, చనువూ లేదు. "మూడో మలుపు దాటి చూసి తిరిగొద్దాం. పిల్ల ఇక్కడే ఉంటుంది."

వాళ్ళు వెళ్ళి వచ్చేదాకా టాపులమ్మ మనవరాలి జడ వేసింది. వేసి, నచ్చక విప్పబోయి, చేతులు వెనక్కి తీసుకుంది. "బాగానే ఉంది," అంది పైకే.

"నానమ్మా, నువ్వూ వచ్చెయ్యొచ్చుగా?"

"నా మిషను నీ జీపులో పడుతుందా?"

"బొమ్మని ఒళ్ళో పెట్టుకుంటా. అప్పుడు పడుతుంది."

జీపు తిరిగి వచ్చింది. బోల్టు దిగి ఎవరి వైపూ చూడకుండా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కోడలు ఇంజన్ ఆపలేదు, కిందికి దిగలేదు. పిడుగును ఎత్తి సీట్లో కూర్చోబెట్టింది టాపులమ్మే. ఈసారి వీధిలో ఎవరూ పోగవలేదు. ఒకసారి ఏడ్చి పంపినవాళ్ళను మళ్ళీ ఎలా పంపాలో వాళ్ళకూ తెలియనట్టుంది. సామాను సగం టాపులమ్మ ముందే దించేసింది. బరువు వద్దంది.

"జాగ్రత్తమ్మా," అంది కిటికీ దగ్గర నిలబడి.

"వెళ్తున్నామత్తయ్యా," అంది కోడలు.

నిన్న వెళ్ళొస్తానంది. ఇవాళ వెళ్తున్నామంది. తొందరలో అందేమో. టాపులమ్మ ఆమె మొహం చూసింది, కళ్ళారా చూసింది. కోడలు మాత్రం అద్దంలో వెనక రోడ్డు చూసుకుంటోంది.

జీపు వెళ్ళాక ఆమె కొట్లో కూర్చుని, నిన్న ఎవరో ఇచ్చిన సీటు కవరు తీసింది. ఏ రంగు కావాలన్నారో, అప్పుడు పక్కనే ఉన్న బోల్టు భార్యను అడిగి తెలుసుకుంది. కత్తిరించింది. అంచు మడిచి సగం కుట్టేసరికి ఫోను మోగింది. నిన్న ఎదురుచూసినదానికన్నా చాలా ముందే మోగింది.

"ఎక్కేశామత్తయ్యా. పైనున్నాం."

"ఎక్కడైనా ఆగిందా?"

"ఎక్కడా ఆగలేదు." ఆమె గొంతు వెనక ఇంజన్ నెమ్మదిగా, ఒకే తాళంలో నడుస్తోంది. పిడుగు ఏదో పాడుకుంటోంది. కోడలు వెంటనే ఫోను పెట్టెయ్యలేదు. "ఒకటి అడుగుతాను. అన్నయ్యతో మీరు చెప్పారా, అలా చెయ్యమని?"

"చెప్పలేదమ్మా," అంది టాపులమ్మ. అక్కడితో ఆపితే సరిపోయేది. అది నిజమే. కాని ఆపలేకపోయింది. "చెప్పలేదు గాని, నువ్వు తిరిగొచ్చినప్పుడు నాకు ముందు సంతోషమేసింది. పిల్ల చేతులు చూశాకే భయమేసింది. అందుకని వాణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టకు."

అవతల చాలాసేపు ఇంజన్ ఒక్కటే వినిపించింది. కోడలు ఏడుస్తోందో, కోపంలో ఉందో, కొండ కిందున్న ఊరు చూస్తోందో తెలియలేదు.

"దిగుడు మొదలవుతుంది," అంది చివరికి. "దిగేటప్పుడు ఫోన్ మాట్లాడకూడదు."

"అవునమ్మా. పెట్టెయ్."

ఎవరు ముందు పెట్టేశారో ఆమెకు తెలియలేదు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. గోడ పైనుంచి బోల్టు తల కనబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కిందా అమ్మా?"

"ఎక్కింది," అంది ఆమె. "ఎక్కడా ఆగలేదట."

అతను తల ఊపి గోడ దిగాడు. కాసేపటికి అవతల పానా చప్పుడు మొదలైంది. ఆమె సీటు కవరును మిషను కిందికి తోసి, మిగిలిన సగం కుట్టడానికి కాలితో తొక్కింది.